ఎనిమిది సెకన్లు

మధ్యాహ్నం మూడు గంటలు. ఆకాశ పరిశీలన కేంద్రంలో లెక్కల గది. దూరదర్శినితో ఫోటోలు తీసే బావ, ఆ ఫోటోలను బట్టి గ్రహశకలాల దారి లెక్కగట్టే మరదలు.

“మళ్లీ అడుగుతున్నాను బావా. ఆ మూడో రాత్రి ఫోటో టైము నువ్వు రాసిందేనా?”

“ఎన్నిసార్లు అడుగుతావే? నా చేతిరాత నీకు తెలీదూ?”

“రాత నీదే. టైము ఎవరిది?”

“గడియారానిది.”

“వేళాకోళం వద్దు. ఇంకో గంటలో మన కేంద్రం పెద్దాయన టీవీ కెమెరాల ముందు కూర్చుంటాడు. ఆరేళ్ల తర్వాత ఈ రాయి మనకి దూరంగానే పోతుంది, నిశ్చింతగా ఉండండి అని చెప్పేస్తాడు.”

“చెప్పనీ. నువ్వు లెక్కగట్టిందేగా! రెండు వందల మీటర్ల బండ, బొగ్గులా నలుపు, వేరుశనక్కాయలా నడుం నొక్కుకుపోయి ఉంటుంది, నాలుగు గంటలకోసారి తన చుట్టూ తను పొర్లుతుంది. ఇవన్నీ నా ఫోటోల్లోంచి వచ్చినవే కదా. అప్పుడు లేని అనుమానం ఇప్పుడెందుకు?”

“ఆకారానికి ఎనిమిది సెకన్లు అటూ ఇటూ అయినా ఏం కాదు. దారికి అలా కుదరదు. ఆరేళ్ల కిందట అది మన పక్కనుంచే పరుగెత్తింది. అప్పుడు నువ్వు తీసినవి మూడు రాత్రులు. మొదటి రెండూ దారి మీద ముచ్చటగా కూర్చున్నాయి. సూర్యుడి చుట్టూ ఏణ్ణర్థానికో చుట్టు చొప్పున నాలుగు చుట్లు తిరిగి మొన్న మళ్లీ వచ్చిందా, అప్పటివీ కూర్చున్నాయి. నీ మూడో రాత్రి చుక్క ఒక్కటే ఎనిమిది సెకన్లు ఎడంగా నిలబడింది.”

“అయితే తీసిపారెయ్.”

“చుక్క పెట్టినవాడు కారణం రాసి సంతకం పెడితే తప్ప తీయకూడదు. ఆ రూలు ఎవరు పెట్టించారో?”

“నేనే. మీరంతా లెక్క కుదరనప్పుడల్లా చుక్కలు చెరిపేస్తుంటే.”

“కారణం చెప్పు మరి.”

“గాలి వీచిందని రాసుకో.”

“గాలికి టైము మారదు.”

“గడియారం వెనకబడింది.”

“మర్నాడు పొద్దున సరిచూశారు. అర సెకను తేడా లేదు.”

“కునుకు పట్టింది.”

“నీకా?”

“నేను మనిషిని కానా ఏం?”

“బావా, ఆ తిరగడం ఆపి కాస్త కూర్చో.”

“నువ్వు ముందు ఆ పెన్ను టకటకలాడించడం ఆపు. నాలుగు నెలల్లో రిటైరవుతున్నాను. పోయే రాయి పోతూనే ఉంటుంది. ఈ తవ్వకమంతా ఎందుకు చెప్పు?”

“అంటే తవ్వితే ఏదో ఉందన్నమాట.”

“తలుపెయ్.”

“వేశాను.”

“పాత దూరదర్శిని దగ్గర ఎర్రబల్బు తప్ప దీపం ఉండదు. తెలుసుగా?”

“తెలుసు. వెలుతురు పడితే ఫోటో పాడవుతుంది. గోడ గడియారం చూసుకుంటూ మీట నొక్కాలి.”

“ఆ వెలుతురులో నాకు గడియారం కనబడదు.”

“సెకన్ల ముల్లా?”

“గడియారమే కనబడదు. గోడా కనబడదు. రేచీకటి.”

“బావా!”

“నవ్వుకో. ఆకాశం చూసి బతికేవాడికి రేచీకటి. తెలిస్తే మర్నాడే ఇంటికి పొమ్మనేవాళ్లు. కొత్త దూరదర్శిని వచ్చి తన టైము తనే రాసుకుంటోంది కాబట్టి ఇన్నాళ్లూ గడిచింది.”

“మరి అంతకుముందువి? ఒక్క సెకను తేడా లేకుండా అన్నీ సరిగ్గా ఉన్నాయే!”

“మీ అక్క.”

“అక్కేమిటి?”

“రోజూ క్యారియర్ పట్టుకుని వచ్చేది కదా.”

“మొగుణ్ణి వదిలి ఒక్క రాత్రి ఉండలేదని మేమంతా ఏడిపించేవాళ్లం కదా!”

“మీరు ఏడిపించారు. అది నా పక్కన నిలబడి సెకన్లు చదివింది. నేను మీట నొక్కాను. మూడేళ్లు.”

“ఒక్క మాట చెప్పలేదు! నాకు కూడా!”

“నేనే ఒట్టు వేయించుకున్నాను. దాన్ననకు.”

“మరి ఆ మూడో రాత్రి?”

“అది రాలేదు.”

“ఎక్కడికెళ్లింది?”

“తేదీ చూడు.”

“చూస్తూనే ఉన్నాను పొద్దుట్నుంచి... అయ్యో.”

“ఆ.”

“నా పక్కన ఉంది. ఆసుపత్రిలో.”

“నీకు నొప్పులొస్తుంటే వెళ్లొద్దని ఎలా అంటాను? కింద దీపాల్లో టైము చూసుకుని, అక్కణ్నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ మెట్లెక్కాను. మీట మీద చెయ్యి వేశాక ఫోను మోగింది. మగపిల్లాడు, ఇద్దరూ క్షేమం అంది మీ అక్క. సంతోషంలో లెక్క తప్పింది. ఎంత తప్పిందో తెలీదు. తోచింది రాశాను.”

“వదిలేయాల్సింది బావా.”

“వదిలేస్తే ఎందుకు తీయలేదని అడుగుతారు. భయం. పిరికితనం అనుకో. ఇలా ఇవ్వు ఆ కాగితం. రేచీకటి అనే రాస్తాను. మీ అక్క పేరు మాత్రం...”

“అక్క పేరు కూడా ఉండాలి. మంచి టైములన్నీ అక్కవేగా.”

“సరే. ఇదిగో సంతకం. ఇన్నేళ్ల పరువు అరపేజీలో అయిపోయింది. పోనీలే, దీంతో మనసు తేలికైంది. రాయి ఎలాగూ పక్కనుంచి పోయేదే కదా... ఫోను ఎందుకు తీస్తున్నావు?”

“పెద్దాయన్ని ఆపాలి.”

“దేనికి?”

“నీ చుక్క ఉంటేనే అది దూరంగా పోతోంది. తీసి చూశాను పొద్దున.”

“తీస్తే?”

“ముప్పైలో ఒక వంతు అవకాశం, మన మీదకే.”

“ఆరేళ్లకా?”

“ఆరేళ్లకి. మావాడికి పన్నెండు నిండుతాయి.”

“ఇంత తెలిసి, ముందే చెప్పక పొద్దుట్నుంచి నన్నిలా ఎందుకు పీకావే?”

“సరిగ్గానే నొక్కానని ఒట్టేస్తావేమోనని బావా. ఒక్కసారి ఒట్టేస్తే, నమ్మేద్దామనుకున్నాను.”