నలభై అయిదు రోజులు చాలన్నాను

సభకు అధ్యక్షత వహించిన ప్రిన్సిపాలు పద్మనాభయ్యగారికి, ఈ ఎండలో ప్రొద్దుటూరు నుంచి నా కోసం వచ్చిన మా గురువుగారు త్రివిక్రమరావుగారికి, వేదికకు ఈ పక్కన కూర్చున్న పెద్దలకూ, ఆ పక్కన కూర్చున్న పెద్దలకూ, తోటి అధ్యాపకులకూ, పిల్లల తల్లిదండ్రులకూ, కుర్చీలు చాలక గోడకానుకుని నిలబడిన నా విద్యార్థులకూ నమస్కారాలు. రెండు పార్టీల వారూ నాకు దండలు వేశారు. రెండూ ఒకే పొడవున్నాయి. మన అటెండరు నబీ రసూల్ పూలంగడి దగ్గర నిలబడి మూరలు కొలిపించి తెచ్చాడట. (నవ్వులు) నవ్వుతారు గానీ, ఒక మూర తేడా వచ్చి ఉంటే ఈ సభ ఈపాటికి ముగిసిపోయేది.

నేను కూర్చునే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. నా మోకాళ్లు రిటైరై రెండేళ్లయింది, నాకు మాత్రం ఈ రోజు ఉత్తర్వులు వచ్చాయి. ముప్పై ఏళ్లు జమ్మలమడుగులోనే లెక్కలు చెప్పాను. పులివెందులకు ఒకసారి బదిలీ అయితే మూడు నెలల్లో తిరిగి వచ్చాను. అక్కడ నన్ను ఏ పక్షం మనిషినో తేల్చుకోవడానికే వాళ్లకు రెండు నెలలు పట్టింది. తేలకపోయేసరికి పంపించేశారు. (నవ్వులు)

అధ్యక్షులవారు ఇందాక నా చెవిలో ఒక మాట వేశారు. తల్లిదండ్రులు చాలామంది వచ్చారు, పిల్లలు ఎంసెట్‌కు ఎప్పటి నుంచి చదవడం మొదలుపెట్టాలో ఆ ఒక్క ముక్క చెప్పిపొండి జ్ఞానప్రకాశంగారూ, అన్నారు. ముప్పై ఏళ్లలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న అదే. ఎక్కువసార్లు ధీమాగా జవాబు చెప్పింది కూడా దానికే. ఈ రోజు ఆ ధీమా లేదు. ఎందుకు లేదో చెప్పి పోతాను.

నాకంటే ముందు మాట్లాడినవాళ్లు నన్ను చాలా పొగిడారు. హాజరు చాలక ఒక్క పిల్లవాడికి కూడా సంవత్సరం పోనివ్వని మహానుభావుడు అన్నారు. నిజమే, పోనివ్వలేదు. మన దగ్గర నెలకు రెండు బందులు. ఎక్కడో బాంబు పడుతుంది, ఆ రోజు బస్సులుండవు, పల్లెల పిల్లలు రాలేరు. నూటికి డెబ్బై అయిదు హాజరు లేకుంటే పరీక్షకు కూర్చోనివ్వరు. పిల్లలేం పాపం చేశారని, బందు రోజున నేను తరగతిలో అందరికీ ప్రజెంటు వేసేవాణ్ణి. అరవై మూడు మంది ఉంటే అరవై మూడూ. ఇక్కడున్న మా అధ్యాపకుల్లో చాలామంది ఇదే చేశారు. తల దించుకోకు యూనుస్, నేను నీ పేరు చెప్పడం లేదు. (నవ్వులు)

తొంభై మూడు జూన్‌లో రత్నమ్మ అనే ఆవిడ తన కొడుకు యోహానును మన కాలేజీలో చేర్చింది. మా చర్చి మనిషే, నాపరాళ్ల గనిలో పని, భర్త లేడు. ముద్దనూరు దారిలో ఒక పల్లె. పిల్లవాడికి లెక్కలు ఎలా వచ్చేవంటే, నేను బోర్డు మీద సగం రాసేసరికి వాడు పుస్తకం మూసేసేవాడు. చేర్చిన రోజు ఆమె నన్ను అడిగింది.

"సార్, మావోడు ఎంసెట్టుకు ఎప్పుడు మొదలుపెట్టాల? ఇప్పుడే గుంటూరులో యాడన్నా హాస్టల్లో ఏద్దామా? మా అన్న దుడ్లు ఇస్తానన్న్యాడు."

నేను అన్నాను: "ఎందుకమ్మా అంత తొందర? రెండో ఏడు పరీక్షలు కానీ. ఆ తర్వాత నలభై అయిదు రోజులు చాలు. అంతదాకా నా దగ్గర ఉంటాడు."

ఆమె పోలేదు. కొంగు చివర మెలిపెడుతూ నిలబడి, "ఊర్లో లేకుంటే బాగుంటాదని సార్," అంది.

ఆ మాట నేను విన్నాను. వినలేదని ఇప్పుడు అబద్ధం చెప్పను. అయితే నాకు వినిపించింది వేరు. గుంటూరు వాళ్లు నాకంటే బాగా చెబుతారని అంటోంది అనుకున్నాను. కోపం వచ్చింది. "నీ ఇష్టమమ్మా, అంత నమ్మకం లేకపోతే తీసుకుపో," అన్నాను. సారు కోపం చేసుకున్నాడని భయపడి ఆమె పిల్లవాణ్ణి ఉంచేసింది.

(ఆగి, నీళ్లు తాగి)

తొంభై అయిదు ఫిబ్రవరిలో ఒక బందు. ఆ రోజు తరగతికి ముగ్గురే వచ్చారు. అందులో యోహాను ఒకడు, ఆరు మైళ్లు సైకిలు తొక్కి వచ్చాడు. పది గంటల నుంచి నాలుగు దాకా వరండాలో కూర్చోబెట్టి వాళ్లకు లెక్కలు చేయించాను. సాయంత్రం అలవాటు ప్రకారం రిజిస్టరులో అరవై మూడు మందికీ ప్రజెంటు వేసి ఇంటికి పోయాను. ఆ మధ్యాహ్నమే వాళ్ల ఊళ్లో ఒక మనిషిని నరికారు. యోహాను చిన్నాయన ఒక పక్షంలో తిరిగేవాడు. రెండో పక్షం ఇచ్చిన ఫిర్యాదులో పదకొండు పేర్లు, తొమ్మిదోది యోహానుది. మన దగ్గర ఫిర్యాదు ఎలా రాస్తారో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ ఇంట్లో చదువుకునేవాడు ఎవడో కనుక్కుని మరీ రాస్తారు. పెద్దవాడికి జైలు పడితే నాలుగేళ్లు, చదివేవాడికి పడితే ఆ ఇల్లే ఇంక లేవదు.

మర్నాడే పోలీసులు యోహానును పట్టుకుపోయారు. వాడి తరపు వకీలు సిరాజుద్దీన్ సాహెబు సంతోషంగా నా దగ్గరికి వచ్చారు. "మీ రిజిస్టరు ఒక్కటి చాలప్పా, బెయిలు వచ్చినట్టే," అన్నారు. నేనే చంకలో పెట్టుకుని కోర్టుకు పోయాను. అవతలి వకీలు ఆ పేజీ తీసి నిదానంగా అడిగాడు: ఆ రోజు బస్సుల్లేవు గదా, ప్రొద్దుటూరు పిల్లలు ఇరవై మంది ఎట్ల వచ్చినారు సార్? మళ్లీ అడిగాడు: రోల్ నంబరు పదిహేడు ఆ రోజు కడప ఆస్పత్రిలో ఉన్నాడు, కాగితం ఇదిగో, మీ తరగతిలో ఎట్ల ఉన్నాడు సార్? కోర్టులో అందరూ నవ్వారు. ఉన్న ముగ్గురూ ఎవరో నేను నోటితో చెప్పాను. నా నోటికి విలువ లేకుండా నా చెయ్యే చేసింది. బెయిలు రాలేదు. పబ్లిక్ పరీక్షలు పోయాయి, ఎంసెట్ పోయింది. జూన్‌లో ఎట్లాగో బెయిలు దొరికి బయటికి వచ్చి యోహాను తల్లితో పాటు గనికి పోయాడు. నాలుగేళ్లు నడిచాక మొన్న ఏప్రిల్‌లో కేసు కొట్టేశారు.

అయ్యా, ఈ పక్కవారూ ఆ పక్కవారూ, మీ మీద నాకు కోపం లేదు, కోప్పడే ఓపిక పోయింది. మీ ఇద్దరి పిల్లలకూ నేనే చదువు చెప్పాను. ఫిర్యాదులో పిల్లల పేర్లు రాయడం మానుకోండి. ఎంసెట్‌కు ఎప్పుడు మొదలుపెట్టాలో పిల్లలకు నేను కాకపోతే మరొకరు చెబుతారు. ఈ మానుకోవడం మాత్రం ముందు మీరు మొదలుపెట్టాల్సిన పని.



కేసు కొట్టేసిన వారానికి యోహాను మా ఇంటికి వచ్చాడు. ఇరవై రెండేళ్లవాడు, జుట్టంతా రాతి దుమ్ము. మళ్లీ పరీక్ష కట్టు నాయనా, ఫీజు నేను చూసుకుంటాను, రోజూ వచ్చి చదువుకో అని బతిమాలాను.

"నాకు వద్దులే సార్," అన్నాడు. "మా చెల్లెలు సుందరి పదో తరగతి రాసింది. శానా బాగా చదువుతాంది. దాన్ని ఎప్పుడు మొదలుపెట్టించాల?"

"నాకు తెలీదప్పా," అన్నాను. "మీ అమ్మ ఎప్పుడంటే అప్పుడు."

పోయిన సోమవారం రత్నమ్మ ఆ పిల్లను గుంటూరు బస్సెక్కించింది. నేను కూడా బస్టాండుకు పోయాను. బస్సు కదిలాక ఆమె కాసేపు అటే చూసి నా వైపు తిరిగింది.

"మీ తాననే చదివించాలని ఉన్నింది సార్," అంది.

ఇంతసేపు ఓపికగా విన్నారు. శాలువా కప్పినవారికీ, దండలు తెచ్చినవారికీ, ముప్పై ఏళ్లు నన్ను భరించిన ఈ ఊరికీ నా కృతజ్ఞతలు. నాకు ఇంక సెలవిప్పించండి.