కైరవాన్ పెళ్ళి షరతు

నవ్వరా ఖల్ఫూన్, నవ్వు! మసీదు అరుగు మీద కూచుని ఊరందరికీ పెళ్ళికాగితాలు రాసిపెట్టేవాడివి, నీకు నవ్వు కాక ఏడుపెందుకొస్తుంది? ఆ ముక్క రాసిన కలం నీదే కదరా! "ఫర్హూన్ ఇంకో పెళ్ళి చేసుకుంటే, ఆ కొత్తదానికి తలాక్ చెప్పడమా, తనే తెంచుకుపోవడమా అన్నది మూనిసా చేతిలో ఉంటుంది." చదివి వినిపించావా నాకు?

వినిపించావులే. పక్కన గొర్రెపిల్ల కాలుతూ కమ్మటి వాసనొస్తుంటే పెళ్ళికొడుక్కి షరతులు చెవికెక్కుతాయట్రా?

ఏంటీ? ఈ కైరవాన్‌లో అందరి పెళ్ళికాగితాల్లోనూ ఉంటుందా? ఆఁ, ఉంటుంది. అందరి వాకిట్లోనూ బావి ఉంటుంది, దూకినవాణ్ణి నేనొక్కణ్ణే అంటావు. అను.

ఆడదాని చేతికి అంత అధికారమేంట్రా, చెప్పు! ఇంటికి యజమానిని నేను. ఇల్లంటావా, వాళ్ళ నాన్న పోతూ ఆవిడకిచ్చింది. ఉన్ని వడికేది ఆవిడ, నేసేది ఆవిడ. కానీ ఆ బట్ట గాడిద మీదేసుకుని సూసా రేవు దాకా పోయి అమ్ముకొచ్చేదెవరు? నేను కాదూ?

గాడిద కూడా ఆవిడదే. ఇప్పుడా సంగతెందుకు?

ఆ సూసాలోనే తగిలింది జుహ్రా. మొగుణ్ణి సముద్రం మింగేసింది. రేవులో చేపలు కాల్చి అమ్ముకుంటోంది. బయట చలి, వాన. చేతిలో వేడివేడి చేప. ఎదురుగా నవ్వుమొహం. నువ్వైతే ఏం చేసేవాడివి?

తిని, డబ్బులిచ్చి, లేచొచ్చేసేవాడివా? అబ్బో, పుణ్యాత్ముడు దొరికాడు!

"ఇంటి దగ్గర భార్య లేదా?" అనడిగింది. "పోయింది" అన్నాను. అబద్ధమా అది? పుట్టింటికి పోయిందనుకోవచ్చు, నీళ్ళకి పోయిందనుకోవచ్చు. అదేమో చచ్చిపోయిందనుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఏడుస్తున్న ఆడదానితో వాదించడం ఏం మర్యాద? ఊరుకున్నాను. నిఖా కూడా ఆ ఊరుకోవడంలోనే అయిపోయింది.

చలికాలమంతా హాయిగా గడిచింది. సూసాలో చేపలు, ఇక్కడ రొట్టెలు. ఎవరి కడుపు కొట్టానురా నేను?

ఇంతలో జుహ్రాకి బుద్ధి పుట్టింది. నా పిల్లలు తల్లిలేని పిల్లలట! పండక్కి చూసొద్దామని బుట్టెడు ఎండు అంజూరాలు కట్టుకుని, బిడారు వెంటబడి, అడుగుతూ అడుగుతూ మా గుమ్మంలోకే వచ్చేసింది. "ఫర్హూన్ గారిల్లు ఇదేనా అమ్మా? పాపం, చనిపోయినావిడ పిల్లల్ని చూడ్డానికొచ్చాను" అందట.

మూనిసా ఏమందో తెలుసా? "ఆ చనిపోయినదాన్ని నేనే. ఎండన పడొచ్చావు, లోపలికి రామ్మా" అందట!

నవ్వకురా. నేను బజారు నించి వచ్చేసరికి ఇద్దరూ చాప మీద కూచుని అంజూరాలు తింటున్నారు. చిన్నపిల్లలు జుహ్రా ఒళ్ళో ఉన్నారు. ఒక్కరన్నా తిట్టారా? కొట్టారా? ఇంత మజ్జిగిచ్చి, "కూర్చో" అంది మూనిసా. కూర్చున్నాను.

మర్నాడు ఖాజీ ముందు నిలబెట్టింది. ఆయన కాగితం చదివి, "నిర్ణయం నీదేనమ్మా" అన్నాడు. నన్ను అడిగాడా? ఓ పక్కన ఒంటెని కట్టేసినట్టు నిలబెట్టారు నన్ను.

మూనిసా జుహ్రా వైపు తిరిగి, "నీకు వీడు కావాలా?" అంది. వంకాయ ఏరుకుంటున్నట్టు!

"బతికున్న నిన్ను చంపేశాడక్కా. రేపు ఇంకో ఊళ్ళో నన్ను మాత్రం చంపడా? వద్దు" అంది జుహ్రా. అక్కా అంట! ఒక్క పూటలో అక్క అయిపోయింది. సరే, దానికి తలాక్ పడింది. పోతూ పోతూ పిల్లల తలలు నిమిరి పోయింది. నా వంక చూడలేదు.

"మరి నీ సంగతేంటమ్మా?" అన్నాడు ఖాజీ.

మూనిసా తెంచుకు పోతుందనే అనుకున్నార్రా అందరూ. నేనూ అనుకున్నాను. గుంపులో వాళ్ళన్న వహబ్ మీసం తిప్పుకుంటూ నిలబడున్నాడు. మూనిసా ఒక్కసారి వాడి వంక చూసింది. "నేను ఈయనతోనే ఉంటానండీ" అంది.

చూశావా! నా రొమ్ము ఇంత పొంగింది. ఎంతైనా మొగుడు మొగుడే, నా మీద మనసు చావలేదనుకున్నాను. దారంతా అందరికీ సలాములు కొట్టుకుంటూ నడిచాను.

ఇంటికెళ్ళాక ఊరుకోవచ్చుగా? అడిగాను. "నేనంటే ఇంకా అంత ప్రేమా?" అని.

కదురు ఆపలేదు. తలెత్తలేదు. "మా అన్న ఆ తోళ్ళ వ్యాపారి హమ్మాద్‌కి నన్నిస్తానని అప్పుడే మాటిచ్చేశాడు. డెబ్భై ఏళ్ళ ముసలాడు. నేను ఒంటరిదాన్నయితే గడువు మూడు నెలలూ తీరగానే నన్నా కొంపకి తోలేసి, ఈ ఇల్లూ మగ్గమూ తను ఏలుకుంటాడు" అంది.

"ఇష్టం లేకుండా ఎవరు చేస్తారు? ఖాజీ ఒప్పుకోడుగా" అన్నాను.

"ఖాజీ వచ్చి మా వదినతో కాపురం చేస్తాడా? రోజూ వాళ్ళు పెట్టే పోరు ఆయన పడతాడా?" అంది. "మొగుణ్ణి వదిలేసే హక్కు రాసిచ్చారు మీరు. మొగుడు లేకుండా బతకనిస్తారా? గుమ్మంలో ఎవడో ఒక మగాడు ఉండి తీరాలన్నప్పుడు, నువ్వుంటే చాల్లే. నీకు నేనంటే భయం."

భయమట! నాకట!

అవును, ఇప్పుడు సూసాకి నేను పోవడం లేదు. మా పెద్దకొడుకుని పంపుతోంది.

ఒరే, నవ్వింది చాలు గానీ ఒక సాయం చెయ్యి. నీకు పెద్దపెద్దవాళ్ళు తెలుసు, మంచి హకీము ఎవరైనా ఉంటే చెప్పు.

నాకు కాదురా. ఆ హమ్మాద్‌కి. మొన్నట్నించీ దగ్గుతున్నాడట. రోజూ నమాజులో వాడి ఆయుష్షు కోసమే దువా చేస్తున్నాను. ఆ ముసలాడు గానీ గుటుక్కుమంటే, ఇంక నాతో మూనిసాకి పనేముంది చెప్పు?