పుల్లల సంచి

క్వీన్స్‌లాండ్‌లో ఒక పాత ఇంటి వరండా. మూడేళ్ళుగా మంచం పట్టిన మెర్విన్ లోపల నిద్రపోతున్నాడు. అతని భార్య, చెల్లెలు టీ ముందు కూర్చున్నారు.

"చర్చి ఆడవాళ్ళు వంతులవారీగా వంట తెస్తుంటే మాన్పించేశావట, వదినా?"

"గిన్నెల అడుగున పేర్లు అంటించారు గానీ మూతలకి అంటించలేదమ్మా. ఎవరి మూత ఎవరిదో తేల్చలేక చచ్చాను. నా ఇల్లు నేనే చూసుకుంటాను."

"చూరు కింద ఆ కందిరీగల్ని చూడు. ఒకదాని పిల్లలకి ఇంకొకటి మేత పెడుతోంది."

"కుడతాయి కూడా. కంచె మీద ఆ పురుగే నయం. పుల్లల సంచి కట్టుకుని అందులో ఉంటుంది. ముట్టుకుంటే సంచి మూతి బిగించుకుంటుంది. ఎవరినీ ఏమీ అడగదు."

"ఆడదైతే దానికి రెక్కలు కూడా రావు. ఆ సంచిలోనే ఉండి, అందులోనే పోతుంది."

మెర్విన్ భార్య కప్పు కింద పెట్టేసింది.

"కందిరీగల్నీ, ఆ పురుగునీ కూడా ఆ దేవుడే చేశాడు కదా. మరి నన్నెలా ఉండమంటాడు?"

"నాకేం తెలుసు? నిన్న అన్నయ్యని లేపబోయి పడ్డావని మాత్రం తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"అన్నయ్యే. ఫోన్లో ఏడ్చాడు."

మెర్విన్ భార్య తలుపులోంచి మంచం వైపు చూసింది.

"మంగళవారం చర్చి వాళ్ళలో ఇద్దర్ని రమ్మను. వంట తేవద్దను. ఆయన్ని పక్కకి తిప్పి కాసేపు దగ్గర కూర్చుంటే చాలు. నేను పడుకుంటాను."