పదో నంబరు

భద్రాచలం దాటాక, అడవి అంచున గోదావరి ఒడ్డునున్న ఇసుక యార్డు. బుధవారం మధ్యాహ్నం. లారీలను తూచే కాటా గదిలో మూత ఊడదీసిన పాత యూనిక్స్ కంప్యూటర్ ముందు మధిర నుంచి వచ్చిన మెకానిక్ అరుణశ్రీ కూర్చుంది. ఆమె వెనక యార్డు మేనేజర్ వెంకటనారాయణ, తలుపు దగ్గర కావలివాడు రామ్‌చందర్ నిలబడ్డారు.

“ఒకసారి భీమ్లాను పిలవండి మేనేజర్ గారూ. ఈ కాటా మీద కూర్చునేది అతనే. మిషన్ సంగతి నాకన్నా అతనికే ఎక్కువ తెలుసు.”

“చెప్పిన గద మేడమ్, ఊరికి పోయిండని. మీరు మీ పని కానియ్యుండ్రి. మూడు రోజులాయె నెట్ పోయి. నెట్ల పర్మిట్ కాయితం రాకుంటే ఒక్క లారీ కదలదు. పొద్దున డ్రైవర్లు నా జీపు అద్దం పలగ్గొట్టిండ్రు.”

“ఫోన్ కూడా తియ్యట్లేదు.”

“వాళ్ల తండాల సిగ్నల్ ఉండదు.”

“పదేళ్ల నుంచి ఆ తండాలో నిలబడే నాకు ఫోన్ చేస్తున్నాడండీ.”

“జల్దీ చూడుండ్రి మేడమ్. గీ డబ్బాను అవతల పారేసి కొత్తది కొందామంటే మీరేనాయె, వద్దన్నది.”

“నేను వద్దనలేదు. మూతపడ్డ మిల్లులో కాటాతో పాటు కొన్నారు దీన్ని. ఆ కాటా తీగ ఈ పాతదానికి తప్ప దేనికీ కలవదు. అదీ నేను చెప్పింది. కీబోర్డు మీద ఎర్రగా ఇదేంటి?”

“పాన్. ఎవడో ఉమ్మిండు.”

“భీమ్లా పాన్ వెయ్యడు.”

“ఎవడో అన్న గద.”

“మీటల మధ్యన ఏదో ఇరుక్కుంది. ఆగండి. ఇది పన్ను.”

“ఏ పన్ను?”

“మనిషి పన్ను, మేనేజర్ గారూ.”

“రామ్‌చందర్, తలుపు పెట్టు.”

“సారూ, మేడమ్‌కు...”

“పెట్టుమన్న. చూడమ్మా, నువ్వు పరాయిదానివి గాదు గన్క చెప్తున్న. వాడు కావాల్నని చెడగొట్టిండు మిషన్‌ను. మన లారీలు బరువెక్కువేస్కొని తండా రోడ్డు మీద పోతున్నయని పోయిన నెల నాతోని కొట్లాడిండు. నేను విన్లే. గా పగతోని నెట్ పీకిండు. ఒప్పుకొమ్మన్నం, ఒప్పుకోలే. రెండు దెబ్బలు పడ్డయ్, అంతే.”

“రెండు దెబ్బలకు పన్ను ఊడిందా?”

“నన్నెందుకు అడుగుతవ్? కొట్టింది వాడు. వాణ్ణడుగు.”

“ఎన్ని కొట్టావు, రామ్‌చందర్?”

“ఎరుకలేదక్కా. నిన్న పొద్దుగాల మొదలువెట్టిన. గా పైపుతోని. సారు ఆపుమనేదాంక కొట్టిన.”

“ఇప్పుడెక్కడ?”

“ఎనక షెడ్డుల.”

“నోర్ముయ్ రా.”

“బతికే ఉన్నాడా?”

“ఊపిరి ఆడుతుందక్కా. నీళ్లు పోస్తే లోపలికి పోతలేవు.”

అరుణశ్రీ స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకుంది. భీమ్లాను దవాఖానాకు పంపేదాకా ఒక్క తీగ కూడా ముట్టనని చెప్పింది. వెంకటనారాయణ ముందు బతిమాలాడు. మధిరలో ఆమె ఇల్లు ఏ వీధిలో ఉందో తనకు తెలుసన్నాడు. ఆఖరికి గోడకు ఆనించి ఉన్న ఇనుప పైపు చేతిలోకి తీసుకున్నాడు.

“కొట్టండి. ఈ మిషన్ బాగుచేసేవాళ్లం ఈ చుట్టుపక్కల ఇద్దరమే. ఒకణ్ణి షెడ్డులో పడేశారు. నన్నూ పడేస్తే బయట లారీలవాళ్లకు మీరే చెప్పుకోండి.”

“బాగైనంక పంపుత. మాటిస్తున్న.”

“మీ మాట నాకొద్దు. అతణ్ణి జీపులో పడుకోబెట్టండి. ఇంజన్ చప్పుడు నాకు వినబడాలి. అప్పుడు మొదలుపెడతా.”

“ఆడదానివని ఊకుంటున్న.”

“ఊరుకోకండి. ఆ లోపల అతను చచ్చిపోతే అప్పుడు నన్నేం చేసినా మీకు కలిసొచ్చేది లేదు.”

“రామ్‌చందర్, పో. ఎక్కియ్యి జీపుల. కని నేను చెప్పేదాంక గేటు దాటొద్దు.”

రామ్‌చందర్ వెళ్లాడు. కాసేపటికి బయట జీపు మొరాయించి, రెండోసారికి అందుకుంది. అరుణశ్రీ మిషన్‌ను మళ్లీ మొదలుపెట్టి, తెర మీద పైకి పోతున్న తెల్లటి వరుసలు వేలు పెట్టి చదివింది. తరవాత టార్చి లైటు లోపలికి కొట్టింది.

“ఈ కిందనున్న చిన్న కార్డు ఎవరు పెట్టారు?”

“ఏ కార్డు?”

“నేను పోయినసారి వచ్చినప్పుడు లేదు. దీన్నించి ఒక తీగ కాటా తీగలోకి పోయింది. ముప్పై టన్నుల లారీ ఎక్కితే ఇరవై అని చూపించడానికే కదా?”

“నీకెందుకమ్మా గవన్నీ? నెట్ సంగతి చూడు.”

“నెట్ సంగతే చూస్తున్నా. ఈ పాతదాంట్లో ప్రతి కార్డుకూ ఒక నంబరు ఉండాలి. పని పడ్డప్పుడు ఆ నంబరు మీద మిషన్‌ను పిలుస్తుంది. కొత్త కంప్యూటర్లలో నంబర్లు వాటంతటవే సర్దుకుంటాయి, దీంట్లో మనమే చూసి వెయ్యాలి. రెండు కార్డులు ఒకే నంబరు మీద పిలిస్తే, పిలిచింది ఎవరో దీనికి తెలీదు. ఒకటి గొంతు చించుకుంటుంది, రెండోది చచ్చిపోతుంది. మీ నెట్ అట్లానే చచ్చింది.”

“అయితే భీమ్లానే పెట్టుంటడు గా కార్డు.”

“ఎప్పుడు?”

“నాకేమెరుక?”

“మిషన్‌కు ఎరుకే. రాసుకుంది. ఆదివారం మధ్యాహ్నం రెండు ఇరవైకి దీన్ని ఆపారు. మూడున్నరకు మళ్లీ పెట్టారు. పెట్టిన దగ్గర్నుంచీ నెట్ లేదు.”

“గదే, ఆదివారం వాడే...”

“ఆదివారమా?” రామ్‌చందర్ తిరిగొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

“నిన్ను జీపు కాడ ఉండుమన్న గదరా.”

“పండవెట్టొచ్చిన సారూ. ఆదివారమంటిరి గద. ఆదివారం మా చెల్లె పెండ్లి. భీమ్లా పొద్దుగాల్నించి పొద్దుగూకేదాంక నా పక్కన్నే ఉన్నడు. అన్నం వడ్డిచ్చిండు.”

“నడుమల ఒచ్చి పోయిండేమో.”

“ముప్పై కిలోమీటర్లు సారూ. వానికి బండి గూడ లేదు. గా దినం యార్డు తాళాలు మీ కాడనే ఉండె.”

“నన్ను నిలదీస్తున్నవారా?”

“అడుగుతున్న సారూ.”

“అవ్, నేనే పెట్టిచ్చిన. నా యార్డు, నా మిషన్. పెడితే నెట్ పోతదని నేను కలగన్ననా?”

“కార్డు పెట్టించిన దినమే నెట్ పోయింది. మీకు తెలిసే ఉంటుంది కదండీ.”

“తెలిస్తే? కార్డు పెట్టిన్నని ఓనరుకు జెప్పుకోవాల్నా, సర్కారోళ్లకు జెప్పుకోవాల్నా? ఎవడో ఒకడు చెడగొట్టిండని చెప్పాలె గద. వాడెట్లాగు నాతోని కొట్లాడినోడే.”

“ఏ నంబరక్కా?”

“ఏంటి తమ్ముడూ?”

“రెండిట్లకు ఒకటే నంబరంటివి గద, బయటికి వినొచ్చింది. ఏ నంబరు?”

“పది. నెట్ కార్డు పది. ఈ దొంగ కార్డూ పదే.”

“మల్లొకపారి చెప్పు.”

“పది, పది.”

“వాడు గదే అన్నడక్కా.”

“ఎవరు?”

“భీమ్లా. దెబ్బ దెబ్బకు ‘పది, పది’ అన్నడు. మిషన్ దిక్కు వేలు చూపిచ్చుకుంట అన్నడు. నేను దెబ్బలు లెక్కవెడుతున్నడనుకున్న. ‘పదితోని అయిపోలేదురా, ఇంకున్నయ్’ అని ఇంకా ఏసిన. వేలు చూపిచ్చిన చెయ్యి మీదనే ఏసిన.”

“రామ్‌చందర్, గిప్పుడు గదంతా ఎందుకు? పని కానియ్యి. అమ్మా, గా కార్డుకు వేరే నంబరు ఏస్తే రెండూ నడుస్తయ్ గద? ఎయ్యి.”

“ముందు పీకి చూడాలి. ఇది పీకాక నెట్ వస్తే భీమ్లా ఏ తప్పూ చెయ్యనట్టే. తేలిపోతుంది.”

“పీకొద్దు. నంబరు మార్చు.”

“పీకు అక్కా.”

“వద్దంటున్న గదరా!”

“పీకు.”

ఆమె మిషన్ ఆపి రెండు వేళ్లతో కార్డు బయటికి లాగింది. మళ్లీ మొదలుపెట్టింది. ముగ్గురూ తెర వైపే చూస్తున్నారు. బయట ఒక లారీవాడు హారన్ నొక్కిపట్టి వదల్లేదు.

“నెట్ కార్డు పదో నంబరు మీదే వచ్చింది. ఇప్పుడు ఒక్కటే ఉంది. అవతల పర్మిట్ ఆఫీసుకు పిలుపు పంపుతున్నా.”

“ఏమన్న వొస్తుందా?”

“ఇంకా లేదు.”

“చూసినవా, నేను చెప్పలేదా వాడే ఏదో...”

“వచ్చింది. ఒక జవాబు. ఇంకోటి. ఇంకోటి. వరసగా వస్తున్నాయి.”

“అంతేనా అక్కా? గింతేనా?”

“ఇంతే తమ్ముడూ. అయిదు నిమిషాల పని. అతణ్ణి కుర్చీలో కూర్చోనిస్తే అతనే చేసేవాడు.”

“సరే, అయిపోయింది. మంచిదే అయ్యింది. జీపు తీస్కపోండ్రి, దవాఖానాల చూపిచ్చుండ్రి. లారీ కింద పడ్డడని చెప్పుండ్రి. రామ్‌చందర్, వాడు లేసినంక మల్ల గీ కుర్చీలనే కూసోవెడ్త, సరేనా?”

“రెండు చేతులు ఇరిగినయ్ సారూ.”

“అతుక్కుంటయ్.”

“వాడు నాకు బామ్మర్దయితడు సారూ. పెండ్లిల నా చెల్లెకు తోడు నిలబడ్డోడు. ‘బావా, నేను చెప్పేది ఇను’ అన్నడు. మీరు ‘ఇనకు, కొట్టు’ అన్నరు. నేను ఇన్లే.”

“నీకు బుద్ధుండాలె మరి.”

“అవ్. నాకుండాలె. అక్కా, నీకు జీపు తోలొస్తదా?”

“వస్తుంది. నువ్వు రావా? అతణ్ణి దింపాలంటే నా ఒక్కదాని వల్ల కాదు.”

“దవాఖానాల మనుషులుంటరు. ఎవలు కొట్టిండ్రని అడుగుతరు. రామ్‌చందర్ అని చెప్పు. తండా పేరు గూడ చెప్పు. దాచకు.”

“నువ్వే వచ్చి చెప్పు, తమ్ముడూ. నాతో వచ్చెయ్.”

“పోతూ పోతూ పోలీసు ఠానాకు ఫోన్ చెయ్యి. యార్డు కాడికి రమ్మను. నేను యాడికీ పోను, ఈడనే ఉంట. అంబులెన్సు గూడ ఒకటి రమ్మను.”

“భీమ్లా జీపులోనే ఉన్నాడుగా. ఇంక అంబులెన్సెందుకు?”

“సారుకు.”