మిహింతలె కొండ కింద నూనె తొట్టి

"పోసన్ పున్నమి యాత్ర బస్సుకి మళ్లీ ఆ నదీషనే గైడుగా పిలిచావట కదా తిలకసిరీ? వాడెక్కితే నేనెక్కను, ముందే చెబుతున్నా. టీ తర్వాత పోద్దువుగాని, ముందు విను."

తిలకసిరి కొట్లో బెంచీ మీద నాకు చోటిచ్చారు. కూర్చోకుండానే అందుకున్నాను.

"పోయినసారి మిహింతలెలో వాడేం చేశాడో నీకేం తెలుసు, నువ్వు కొట్టు వదిలి రాలేదాయె. కొండ కింద బస్సు ఆగీ ఆగకముందే మైకు పట్టుకుని, 'మోకాళ్ల నొప్పులవాళ్లు బస్సులోనే ఉండండి, ఆ మెట్లు మీవల్ల కాదు' అని నావైపే చూశాడు. తెల్లబట్టలు కట్టుకుని, బుద్ధుడికని తామరపూలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నావైపు! ఒళ్లు మండిపోయింది. అయినా పెద్దదాన్ని కదా, ఒక్కమాటే అన్నాను. 'పక్కకి జరుగు నాయనా' అని. జరిగాడు."

"అంతేనా అత్తా?" అన్నాడు తిలకసిరి, బెల్లం ముక్క అందిస్తూ.

"అంతే ఎలా అవుతుంది? పాత ఆసుపత్రి గోడల మధ్య రాతితొట్టి ఉందే, మనిషి ఆకారంలో తొలిచినది, జబ్బుపడ్డ భిక్షువుల్ని మందునూనెలో పడుకోబెట్టేవారే, దాని ముందు నిలబడి 'ఇదిప్పుడు దేనికీ పనికిరాదు, ఈ అవ్వలాగే' అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. ఇదిగో, ఈ డింగిరి మెనికే కూడా నవ్వింది. సొంత ఆడపడుచు!"

డింగిరి మెనికే తలెత్తలేదు, టీ ఊదుకుంటోంది.

"ఇక ఊరుకుంటానా? వెళ్లి ఆ తొట్టిలో వెల్లకిలా పడుకున్నాను. పడుకుని రాయిని కసిరాను. 'వెయ్యేళ్లుగా ఎండిపోయి పడున్నావు, సిగ్గులేదూ?' అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రాయికి చెమట పట్టింది. చెమటనుకున్నా, కాదు, నూనె! గోరువెచ్చటి నూనె, మడమల నుంచి మెడదాకా ఊరింది. నా మోకాళ్లు పోయి, పెళ్లినాటి మోకాళ్లొచ్చాయి!"

"ఓ సీసాడు పట్టుకురావలసింది అత్తా. మా ఆవిడ నడుముకి."

"సీసా వెతికే తీరికెక్కడిదిరా, అప్పటికే సగం కొండెక్కేశాను! వెనకాల ఆ గైడు ఆయాసపడుతుంటే జాలేసి, చంకనేసుకుని ఎక్కించాను. పైన భిక్షువుల పాత భోజనశాల దగ్గర దించి, అప్పుడు అరిచాను, ఇదిగో ఇలా నోరు తెరిచి. ఒరిగిపోయిన రాతిస్తంభాలన్నీ బడిపిల్లల్లా నిటారుగా నిలబడ్డాయి. కూలిన ఇటుకలు ఎగిరొచ్చి ఎక్కడివక్కడ కూర్చున్నాయి. పడవంత అన్నం తొట్టిలో పాలన్నం పొంగింది. ఆనాటి భిక్షువులంతా పాత్రలు పట్టుకుని వరసకట్టారు. అందరికంటే పెద్దాయన నన్ను చూసి, 'ఏం ఎమలీన్, ఇంత ఆలస్యమైందే?' అన్నారు. 'ఈ గైడు ఆపాడు స్వామీ' అన్నాను. ఆయన వాడివైపు ఒక్క చూపు చూశారు. చూసేసరికి..."

"వదినా." డింగిరి మెనికే గ్లాసు కింద పెట్టింది. "నువ్వు బస్సు దిగనే లేదు."

ఎవడో కిసుక్కుమన్నాడు. తిలకసిరి కూడా నవ్వాపుకోవడానికి అటు తిరిగాడు.

"దిగనిచ్చాడా?" అన్నాను. "చూశావుగా నువ్వూ! ఒళ్లో పూలు తీసి మీ చేతికిచ్చి, నన్ను సీట్లో కుదేసి, తలుపు వేయించాడు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, 'పోనీ నెమ్మదిగా రానీ' అన్నారా? మీరు పొద్దుగూకేదాకా కొండంతా తిరిగొచ్చారు. నాకు కనిపించింది డ్రైవరు వీపు. ఊళ్లో అడిగినవాళ్లందరికీ ఏం చెప్పమంటావే, డ్రైవరు వీపు గురించి చెప్పనా?"

కిసుక్కుమన్నవాడు లేచి బయటికి పోయాడు.

"వాణ్ణి రావద్దంటాలే అత్తా," అన్నాడు తిలకసిరి మెల్లగా.

"ఎందుకు వద్దనడం? రమ్మను. ఈసారి వాణ్ణి సీట్లో కూర్చోబెట్టండి. తలుపు నేనేస్తాను."