మందు పెట్టిన చెట్టు

ఫాల్గుణం ఎండ ఇంకా ముదరలేదు. మలికిపురం దగ్గరి కొబ్బరితోటలో తేనెటీగల పెట్టెలు చూపిస్తున్నారు మామగారు. పురిటికొచ్చిన భార్యను చూడవచ్చిన అల్లుడు వెనకాలే ఉన్నాడు.

"మా ఈగలంటే మాటలు కాదండీ అల్లుడుగారూ. ఓసారి దారి తప్పి రాజోలు బస్సెక్కేసి, సాయంత్రం అదే బస్సులో తిరిగొచ్చేయి."

"టిక్కెట్టు తీసుకున్నాయాండీ?"

"అడగడానికి కండక్టరుకి ధైర్యం చాల్లేదు లెండి. అరె, పెట్టె ముందు ఇన్ని రాలిపోయాయేంటి?"

"నిద్రపోతున్నాయేమోనండీ."

"నిద్రపోయే ఈగ నాలిక బయటపెట్టదండీ. పూతలో విషం తాగొచ్చేయి. ఎవరైనా మందు కొట్టేరా?"

"కొట్టలేదండీ. మొన్న మీరు ఐనవిల్లి వెళ్ళినప్పుడు నేనే ఈ మూడు చెట్లకీ వేరు కోసి మందు సంచీ కట్టేను. వేరు ఆ మందు పీల్చి చెట్టంతా ఎక్కితే పురుగు పోతుందని కొట్లో చెప్పేరు."

"ఆయ్. మరి చెట్టు మొదలుకి సున్నం పూశారా?"

"సున్నమెందుకండీ?"

"మందెక్కిన చెట్టు కాయ నెలన్నర దాకా దింపకూడదండీ. అది తెలియడానికే సున్నం గుర్తు."

"ఆ సంగతి నాకెవరూ చెప్పలేదండీ."

మామగారు తలెత్తి పెట్టెల పక్క చెట్టు కేసి చూశారు. గెల బోసిగా ఉంది.

"ఏమైందండీ మావయ్యగారూ?"

"పొద్దున్నే దింపు మనిషిచేత దీని బొండాలే దింపించేనండీ. అమ్మాయి అడిగిందని."

"తాగేసిందాండీ?"

"స్నానం చేసొచ్చి తాగుతానంది."

ఇంటివైపు నుంచి బొండం మీద కత్తి పడ్డ చప్పుడు వినిపించింది. మామగారు పంచె ఎగ్గట్టి పరిగెత్తారు. ఊరంతటికీ వినబడేలా కబుర్లు చెప్పే ఆ గొంతుతో, కూతురొక్కదానికి వినబడితే చాలని అరుస్తూనే ఉన్నారు.