గజ్జల్లో దాచిన వాపు

1963లో, నెల్లూరు ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజున, బుచ్చిరెడ్డిపాలెంలో వడ్ల బస్తాలు మోసే మనిషి నర్సమ్మకు చేతులు జోడించాడు.

"నాకు ప్రాణం పోసినారమ్మా. గజ్జల్లో ఆ వాపు ఆరేళ్లుగా ఉండింది. పడుకుంటే లోపలికి పోయేది. సిగ్గేసి, గుడ్డ బిగించి దాచినాను."

"కడుపు గోడ సన్నబడిన చోట పేగు జారిందన్నా. ఈసారి అక్కడే ఇరుక్కునింది. డాక్టరుగారు పేగును లోపలికి నెట్టి, ఆ సందు కుట్టేసినారు. ఇంకో పూట ఆలస్యమైతే పేగు కుళ్లిపోయేది."

"వద్దంటున్నా వినకుండా నా భార్య బస్సెక్కించిందమ్మా."

"నువ్వు ఉత్త కడుపునొప్పే అన్నావు. వాపు సంగతి డాక్టరుగారికి చెప్పింది కూడా ఆమే."

"ఆమెకు తెలుసా?"

"మొదటినుంచీ తెలుసంట. అడిగితే నువ్వు చిన్నబోతావని ఊరకుండిందంట."

అతను కళ్లు తుడుచుకున్నాడు.

"ఆమెను లోపలికి పిలవండమ్మా. ఈ పది దినాలు ఏం తినిందో, ఎక్కడ పడుకునిందో నేను ఒక్కసారి కూడా అడగలేదు."